అంశం తొమ్మిది

మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలకు డైరెక్టరు తన గది తలుపు సగం తెరిచి, తల మాత్రం బయటపెట్టి, "ఒక్క నిమిషం వస్తారా?" అన్నాడు. పదకొండేళ్ళుగా ఆయన దగ్గర పనిచేస్తున్నాను. తల మాత్రం బయటపెట్టి పిలిచాడంటే తప్పు ఆయనదని, దిద్దాల్సింది నేనని అర్థం.

కంప్యూటర్ తెర మీద విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఈమెయిల్ ఉంది. చిన్నదే. నిలబడే చదివాను. రెండోసారి కూర్చుని చదివాను.

మా ట్రస్టు డబ్బుతో పరిశోధనకు వచ్చిన విద్యార్థుల్లో ఒకమ్మాయికి విశ్వవిద్యాలయం కేటాయించిన గైడు ఉన్నట్టుండి రాజీనామా చేసి వెళ్ళిపోయాడు. ఆయన కింద ఉన్న సీటు రద్దవుతుంది. ఆ అమ్మాయి స్వయంగా వచ్చి, తర్వాత ఏం చేయదలుచుకుందో ఫారంలో రాసి సంతకం చేయాలి. గడువు గురువారం సాయంత్రం నాలుగు.

"ఇవాళ గురువారం" అన్నాను.

"అవును."

"ఇది సోమవారం వచ్చింది."

"సర్క్యులర్ అనుకున్నానండీ. వాళ్ళు రోజుకు ఆరు పంపుతారు."

సీటు పోతే మా స్కాలర్‌షిప్ పోతుంది. స్కాలర్‌షిప్ పోతే వీసా పోతుంది. వీసా పోతే ముప్పై రోజుల్లో ఆ పిల్ల పెట్టె సర్దుకుని దేశం వదిలి వెళ్ళాలి. తొమ్మిది వందల దరఖాస్తులు వడకట్టి, మూడు దఫాలు ఇంటర్వ్యూ చేసి తెచ్చుకున్న ఇరవై మందిలో ఆమె ఒకరు. వచ్చి నాలుగు వారాలు కూడా కాలేదు.

"ఎవరు?" అన్నాను, పేరు చదివి కూడా.

"నీళ్ళమ్మాయి" అన్నాడు డైరెక్టరు.

భూగర్భ జలాల మీద పరిశోధన చేయడానికి వచ్చిందామె. హాస్టల్లో అడుగుపెట్టిన రెండో రోజే కారుతున్న కుళాయిలన్నిటికీ జాబితా రాసి నా బల్ల మీద పెట్టింది. పదిహేడు కుళాయిలు. ఒక్కొక్కటి నిమిషానికి ఎన్ని చుక్కలు కారుతోందో కూడా రాసింది. ఆ రోజు నుంచీ అందరికీ నీళ్ళమ్మాయే.

విశ్వవిద్యాలయానికి ఫోన్ చేశాను. పరిశోధన విభాగం గుమాస్తా ఎత్తాడు.

"ఆ అమ్మాయి ఇప్పుడు ఆటలో ఉందండీ. ఓ గంట గడువు పెంచుతారా?"

"దేంట్లో ఉంది?"

"ఆటలో. అంటే నాయకత్వ శిక్షణలో."

"ఆడుకోవడం అయ్యాక పంపండి. నాలుగు దాటితే మాత్రం పంపకండి."

"ఒక్క అరగంట..."

"నాలుక్కి జాబితాకి తాళం పడుతుందమ్మా. వేసేది నేను కాదు, కంప్యూటర్. దాన్ని బతిమాలగలిగితే బతిమాలుకోండి." పెట్టేశాడు.

మామూలు రోజైతే ఇది పది నిమిషాల పని. హాల్లోకి వెళ్ళి, పిల్లను పిలిచి, వ్యాన్ ఎక్కించడమే. కానీ ఇవాళ మామూలు రోజు కాదు. ఇవాళ సంక్షోభ దినం.

తరగతులు మొదలయ్యేలోపు మా విద్యార్థులకు నాలుగు వారాల నాయకత్వ శిక్షణ ఇస్తాం. దాని చివరి పరీక్ష ఈ సంక్షోభ దినం. ఇరవై మంది ఒక ఊహా పట్టణానికి పాలకవర్గం. ఈ ఏడాది ఆ పట్టణంలో నీటి సరఫరా ఆగిపోయింది. పొద్దున తొమ్మిదికి వాళ్ళ ఫోన్లు, గడియారాలు, గుర్తింపు కార్డులు ఒక నీలం డబ్బాలో వేసి తీసేసుకుంటాం. అక్కడి నుంచి సాయంత్రం అయిదు దాకా పావుగంటకొకటి చొప్పున వాళ్ళ నెత్తిన పిడుగులు వేస్తాం. దొంగ ఉత్తరాలు, దొంగ ఫోన్లు, కోపంతో ఊగిపోయే దొంగ వ్యాపారులు. వ్యాపారి మా అకౌంటెంటే. ఏడాదంతా నోరు మెదపడు గానీ ఆ ఒక్క రోజు బల్ల విరిగేలా గుద్దుతాడు. ఎప్పుడు ఎవరు ఏ అబద్ధం చెప్పాలో ఒక ఎర్ర ఫైల్లో వరస నంబర్లతో ఉంటుంది. రాసేది నేనే.

నిరుడు కూడా నేనే రాశాను. అందులో అంశం తొమ్మిది ఇది: ఆట మధ్యలో నేను లోపలికి వెళ్ళి, ముఖం పాలిపోయినట్టు పెట్టి, "ఆట ఆపండి. ఇది నిజం. మీలో ఒకరి వీసా రద్దయింది, బయటకు రండి" అని వాళ్ళ నాయకుణ్ణి పిలవాలి. నాయకుడు లేకుండా జట్టు ఎలా నిలబడుతుందో చూడడానికి. ఆ కుర్రాడు వరండాలో గోడకు చేరగిలబడి ఏడ్చేశాడు. ఆటే నాన్నా అని చెప్పి మంచినీళ్ళిచ్చాను. డైరెక్టరు మాత్రం దాన్ని "బంగారు నిమిషం" అని వార్షిక నివేదికలో రాశాడు.

నిరుటి వాళ్ళు ఊరుకుంటారా. కొత్తవాళ్ళు హాస్టల్లో దిగిన రాత్రే చెప్పేశారు: ఆ రోజు నాటకాల మేడమ్ వచ్చి ఏం చెప్పినా నవ్వి, మీ పని మీరు చూసుకోండి.

నాటకాల మేడమ్ నేనే.

ఒంటిగంటా ఇరవై అయిదుకు హాల్లోకి వెళ్ళాను. మధ్యలో పొడుగాటి బల్ల, దాని మీద పట్టణం పటం. గోడలకు రంగు చీటీలు. వెనక, అద్దాల గోడకు అవతల కుర్చీల్లో మా ట్రస్టు సభ్యులు ముగ్గురు, ఒళ్ళో నోటు పుస్తకాలతో. ఈ కార్యక్రమాన్ని ఇంకో అయిదేళ్ళు నడపాలా వద్దా అని వాళ్ళు ఇవాళే తేలుస్తారు.

"నీళ్ళమ్మాయ్, ఒకసారి బయటకు రా" అన్నాను. "ఇది ఆట కాదు. నీ సీటు విషయం."

ఇరవై తలలు లేచాయి. ఇరవై ముఖాల మీద ఒకే నవ్వు. అంత చక్కని నవ్వు మీద నాకు అంత ఒళ్ళుమంట ఎప్పుడూ పుట్టలేదు.

"అంశం తొమ్మిది" అన్నాడు లాయరు మెల్లగా. వాళ్ళలో లా చదివినవాడు. చూడకుండా సంతకం పెట్టే రకం కాదు, చూశాక కూడా పెట్టే రకం కాదు.

"కాదు బాబూ. నిజంగా నిజం."

"నిరుడు కూడా 'నిజం' అనే అన్నారట మేడమ్. ఈసారి రెండుసార్లు అన్నారు. బావుంది."

నీళ్ళమ్మాయి పటం మీద నుంచి చెయ్యి తీయలేదు. ఆమె ఈ ఏడాది పాలకవర్గం అధ్యక్షురాలు. "మేడమ్, పట్టణంలో ఆసుపత్రికి మూడు గంటలకు సరిపడా నీళ్ళే ఉన్నాయి. నా సీటు సంగతి తర్వాత చూద్దాం."

వెనకున్నవాళ్ళు బల్ల మీద దరువేశారు. అద్దం అవతల ట్రస్టు అధ్యక్షురాలు ఏదో రాసుకుంది.

ఈమెయిల్‌తో వచ్చిన, విశ్వవిద్యాలయం ముద్ర ఉన్న ఉత్తరం ప్రింటు తీసి పట్టుకెళ్ళాను. నీళ్ళమ్మాయి దాన్ని వెలుతురుకు పెట్టి చూసింది. "చాలా బాగా చేశారు. నిరుడు ముద్ర వంకరగా ఉందట."

"ముద్ర నేను వెయ్యలేదమ్మా. వాళ్ళే వేశారు."

"అవును మేడమ్, వాళ్ళే వేశారు" అంది, చిన్నపిల్లకు అన్నం తినిపిస్తూ అన్నింటికీ ఊ కొట్టే తల్లిలా.

నీలం డబ్బా తెచ్చి, ఆమె ఫోన్ తీసి చేతికిచ్చాను. "నీ మెయిల్ నువ్వే చూసుకో. వాళ్ళు నీకూ పంపి ఉండొచ్చు."

ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. "ఫోన్ ముట్టుకుంటే జట్టు మొత్తానికి సున్నా. నియమం నాలుగు. మీరే రాశారు."

"రాసిన నేనే చెప్తున్నా, ముట్టుకో."

"నియమం అయిదు" అన్నాడు లాయరు. "సిబ్బంది ఎవరైనా నియమం తప్పమని చెప్తే అది పరీక్షగా భావించవలెను."

అదీ నేను రాసిందే. 'భావించవలెను' అని కూడా.

వరండాలోకి వచ్చి డైరెక్టరును పట్టుకున్నాను. "ఆట రద్దు చేద్దాం. ఎర్ర ఫైలు తీసుకెళ్ళి వాళ్ళ ముందు పరుస్తాను. ఇందులో ఈ ఉత్తరం లేదు, చూసుకోండి అంటాను."

"నిరుడు రెండు ఫైళ్ళు పెట్టాం కదండీ. ఒకటి దొంగది."

"అది మీ ఆలోచన."

"బాగానే పనిచేసింది కదా."

"అయితే ట్రస్టు వాళ్ళనే లోపలికి వెళ్ళి చెప్పమందాం."

ఆయన గొంతు తగ్గించాడు. "విద్యార్థికి వచ్చిన ఉత్తరాన్ని మూడు రోజులు కదపకుండా ఉంచామని వాళ్ళకు ఇవాళే చెప్పాలా? సంతకాలు పెట్టబోయే రోజునే?"

"ఉంచింది మనం కాదు, మీరు."

"సరే, నేనే. ఇప్పుడేం చేద్దాం?"

గడియారం రెండు దాటింది. విశ్వవిద్యాలయం ఊరికి అవతలి కొస. వ్యాన్‌లో పాతిక నిమిషాలు. చెయ్యి పట్టి లాక్కుపోదామంటే ఆ పిల్ల నాకంటే జానెడు పొడుగు, పైగా అద్దం అవతల మూడు నోటు పుస్తకాలు.

"ఆటలాగే పంపేద్దాం" అన్నాడు డైరెక్టరు. "పాలకవర్గం తరఫున అధ్యక్షురాలు స్వయంగా ఫలానా కార్యాలయానికి వెళ్ళి సంతకం చేయాలి అని ఒక ఉత్తరం రాయండి. పరిగెత్తుకుంటూ వెళ్తుంది."

నాకు నచ్చలేదు. నచ్చలేదని చెప్పాను కూడా. అయినా రాశాను. అంతకంటే మంచి ఉపాయం నా దగ్గరుంటే రాసేదాన్ని కాదు.

రెండూ పదిహేనుకు ఉత్తరం లోపలికి వెళ్ళింది. జట్టంతా తలలు కలిపి అయిదు నిమిషాలు గుసగుసలాడుకుంది. రెండూ ఇరవై రెండుకు నీళ్ళమ్మాయి మెట్లు రెండేసి చొప్పున దూకుతూ వ్యాన్ ఎక్కింది. నాకు చెయ్యి ఊపింది. అప్పుడు కూర్చున్నాను. ఆ ఈమెయిల్ చదివాక మొదటిసారి.

టీ పోసుకుని, తీరిగ్గా, ఈమెయిల్‌కు జతచేసిన ఫారం తెరిచాను. మొదటి పేజీలో పేరూ ఊరూ. రెండో పేజీలో మూడు గడులు. ఒకటి, మురుగునీటి శుద్ధి విభాగంలో కొత్త గైడు కింద చేరడం. రెండు, ఒక ఏడాది వాయిదా. మూడు, సీటును స్వచ్ఛందంగా వదులుకుని, వెయిటింగ్ లిస్టులో తర్వాతివారికి ఇవ్వడం.

టీ కప్పు కింద పెట్టి హాల్లోకి పరిగెత్తాను.

"లాయర్ బాబూ, ఆ అమ్మాయికి ఏం చెప్పి పంపారు?"

లాయరు వాత పెట్టడానికి సిద్ధంగా ఉన్న ఇస్త్రీ పెట్టెలా వెచ్చగా నవ్వాడు. "కంగారు పడకండి మేడమ్. ఇదేం పరీక్షిస్తుందో మాకు తెలుసు. వాళ్ళు ఏం ఇస్తామన్నా తీసుకోవద్దు, వరసలో ఉన్నవాళ్ళకు వదిలెయ్ అని చెప్పాం. నాయకుడు తన వాటా ముందు వదులుకోవాలి. రెండో వారం మీరే చెప్పారు."

రెండో వారం, బుధవారం, ఉదయం పాఠం. బోర్డు మీద గీత గీసి మరీ చెప్పాను.

నీళ్ళమ్మాయి ఫోన్ నీలం డబ్బాలో ఉంది. వ్యాన్ డ్రైవరు బండి నడుపుతూ ఫోన్ ఎత్తడు. ఎత్తకూడదని నేనే సర్క్యులర్ ఇచ్చాను. గుమాస్తా నంబరు ఎంగేజ్. మళ్ళీ ఎంగేజ్. డబ్బాలోకి చూశాను. ఫోన్ల కింద ఆమె గుర్తింపు కార్డు కూడా నన్ను చూస్తోంది.

కార్డు లేకపోతే గుమాస్తా సంతకం తీసుకోడు. అది ఒక ఊరట. నాలుగింటిదాకా తీసుకోకపోతే సీటు రద్దవుతుంది. అది ముప్పు. కార్డు అందితే ఆమె తన సీటును ఎవరికో దానం చేసి, మార్కుల కోసం ఎదురుచూస్తుంది. అది ఇంకో ముప్పు. కార్డూ నేనూ కలిసి వెళ్ళాలి. బండి లేదు.

మావారికి ఫోన్ చేశాను. ఆయన డ్రైవింగ్ స్కూల్ మాస్టారు.

"అర్జంటుగా ఆఫీసుకు రండి. విశ్వవిద్యాలయానికి వెళ్ళాలి. ప్రాణం మీదికొచ్చింది."

"నిజమా, మీ ఆటా?"

"ఏమండీ, మీరు కూడానా?"

"పోయినేడు నువ్వు చెప్పావని మీ అకౌంటెంటుకు గుండె నొప్పి అని అంబులెన్స్ పిలవబోయాను. మర్చిపోయావా?"

"మర్చిపోలేదు. రండి."

మూడూ ఎనిమిదికి కారు వచ్చింది. నెత్తి మీద స్కూల్ బోర్డు, వెనక ఎర్ర ఎల్ అక్షరం. మావారు ఎడమ సీట్లో, కుడిచేతికి పిండికట్టుతో. స్టీరింగు ముందు ఒక పెద్దమనిషి, చెమటలు కక్కుతూ.

"పళ్ళ డాక్టరు గారు" అన్నాడు మావారు. "ఇవాళ ఆయనకు నాలుగో పాఠం."

"మీరు నడపండి."

"ఈ చేత్తోనా? నా దగ్గర బ్రేకు ఉంది, క్లచ్ ఉంది. స్టీరింగే ఆయనది. నువ్వు నడుపుతానంటే చెప్పు. ఇరవై ఆరేళ్ళుగా నేర్చుకోమంటున్నా."

వెనక సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాను.

పళ్ళ డాక్టరు నెమ్మదస్తుడు. ప్రతి మలుపుకూ ముందు ఆగి, అద్దంలో చూసి, మెడ తిప్పి చూసి, నన్ను "కొంచెం పక్కకు వంగుతారా?" అని అడిగి మళ్ళీ చూశాడు. ముందు ఖాళీ రోడ్డు పరుచుకుని ఉంది. స్పీడు ముల్లు పదిహేను దగ్గర వణుకుతోంది. ఒక సైకిల్ మమ్మల్ని దాటింది. దాని వెనక కూర్చున్న పిల్ల మాకు టాటా చెప్పింది.

"కాస్త తొందరగా, డాక్టర్ గారూ."

"తొందరపడితే చెయ్యి వణుకుతుందమ్మా. నా వృత్తిలో అది మంచిది కాదు."

"ఇప్పుడు పన్ను పీకడం లేదు కదండీ."

"నువ్వు ఊరుకో" అన్నాడు మావారు. "డాక్టర్ గారూ, మూడో గేరు. అది కాదు. అది వైపరు."

మూడూ నలభై నాలుగుకు విశ్వవిద్యాలయం గేటు. బండి ఆపడం నాలుగో పాఠంలో లేదట, అయిదో పాఠంలో ఉందట. మావారు తన బ్రేకు తొక్కాడు. నేను దూకాను.

పరిశోధన విభాగం మొదటి అంతస్తులో. పొడుగాటి గది, రెండు కిటికీలు, గోడ పొడవునా బెంచీ. బెంచీ మీద తొమ్మిది మంది. చివర నీళ్ళమ్మాయి, ఒళ్ళో ఫారం.

నేను మెట్లెక్కుతూ ఆలోచించుకున్న మాటలన్నీ ఎగశ్వాసలో కొట్టుకుపోయాయి. ఎదురుగా నిలబడి రొప్పుతున్నాను. ఆమె నన్ను చూసి నవ్వలేదు.

"మేడమ్" అంది. "ఇది ఆట కాదు కదా."

"కాదు."

"నాకు అరగంట నుంచీ అనుమానంగానే ఉంది." కిటికీ వైపు చూపించింది. లోపల గుమాస్తా స్టేప్లరు తెరిచి, ఇరుక్కున్న పిన్నును పెన్ను మొనతో పొడుస్తున్నాడు. "మీ ఆటలో ఎవరో ఒకరు అరుస్తారు. ఏడుస్తారు. పావుగంటకోసారి ఏదో జరుగుతుంది. ఇక్కడ నలభై నిమిషాలుగా నా ముఖం కూడా ఎవరూ చూడలేదు. ఆయన పది నిమిషాల నుంచీ ఆ పిన్నుతోనే ఉన్నాడు. మీ అకౌంటెంటు గారు ఎంత బాగా నటించినా అంతసేపు పిన్ను తీయలేడు."

"కార్డు తెచ్చాను."

"కార్డు లేదంటే వెళ్ళి కూర్చోమన్నాడు. 'నేను పట్టణ అధ్యక్షురాలిని' అని చెప్పాను మేడమ్. ఇంత పెద్ద గొంతుతో." ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "బెంచీ మీదున్న వాళ్ళంతా విన్నారు."

ఒళ్ళోని ఫారం లాక్కుని చూశాను. మూడో గడిలో సిరాతో ఇంత లావు టిక్కు. సంతకం ఒక్కటే మిగిలి ఉంది.

కిటికీ దగ్గరికి పరిగెత్తాను. "బాబూ, టిక్కు కొట్టేసి పక్కన సంతకం పెడితే సరిపోతుందా?"

ఆయన స్టేప్లరు కింద పెట్టి ఫారం అడుగున చిన్న అక్షరాలు చూపించాడు. కొట్టివేతలు స్వీకరించబడవు. "కొత్త ఫారం రెండో కిటికీలో."

"మీ చెయ్యి చాస్తే అందుతుంది కదా."

"అందుతుంది. అది ఆవిడ కిటికీ."

ఆయన గొంతు గుర్తుపట్టాను. మధ్యాహ్నం కంప్యూటర్‌ను బతిమాలుకోమన్నవాడు. తిట్టడానికి సమయం లేదు. రెండో కిటికీ ముందు నలుగురున్నారు. నలుగురినీ బతిమాలాను. ముగ్గురు జరిగారు. నాలుగో ఆయన ఎందుకని అడిగాడు, చెప్పాను, మళ్ళీ చెప్పమన్నాడు, మళ్ళీ చెప్పాను. ఫారం చేతికొచ్చేసరికి మూడూ యాభై రెండు.

నీళ్ళమ్మాయి బెంచీ మీద పెట్టి రాయడం మొదలుపెట్టింది. మొదటి పేజీ అయింది. రెండో పేజీ దగ్గర పెన్ను ఆగింది.

"మురుగునీటి శుద్ధా? నేను దాని గురించి ఒక్క పాఠం కూడా చదవలేదు."

నేను గోడ గడియారం చూశాను.

"వాయిదా వేసుకుంటే స్కాలర్‌షిప్ ఏడాది ఆగుతుందా?"

"ట్రస్టును అడగాలి. ఆగుతుందని నేను మాట ఇవ్వలేను."

"మేడమ్, ఏది రాయను?"

ఆ రోజు పొద్దుటి నుంచీ వాళ్ళకు ఏ నిమిషంలో ఏం చెప్పాలో అంతా ఫైల్లో రాసుకున్నాను. దీనికి మాత్రం ఏ కాగితమూ లేదు.

"నాకు తెలీదు" అన్నాను. "నీ గైడు వెళ్ళిపోయాడనే నాకు మధ్యాహ్నం తెలిసింది."

ఆమె తలెత్తి నన్ను చూసింది. మొదటిసారి నా మాట నమ్మినట్టుంది. నమ్మి సంతోషించలేదు.

"ఈ ఉత్తరం ఎప్పుడు వచ్చింది?"

"సోమవారం."

"సోమవారం" అంది. పెన్ను మూత తీసిన చెయ్యి అలాగే ఉంది. "మూడు రోజులు. వెళ్ళి ఆ కొత్త గైడును కలిసేదాన్ని. ఆయన రాసినవి చదివేదాన్ని. మా అక్కతో మాట్లాడేదాన్ని. మూడేళ్ళు చేయాల్సిన పని మేడమ్. ఇప్పుడు ఆరు నిమిషాలున్నాయి."

"తప్పు మాది."

"అది నాకు తెలుసు."

మొదటి గడిలో టిక్కు పెట్టింది. కింద సంతకం చేసింది. మూడూ యాభై ఆరుకు కిటికీలోంచి ఫారం, కార్డు లోపలికి వెళ్ళాయి. గుమాస్తా కార్డు ఫొటో చూశాడు, ముఖం చూశాడు, మళ్ళీ ఫొటో చూశాడు. ఏదో టైపు చేశాడు. ముద్ర మీద ఊది, కొట్టాడు. రెండు పేజీలూ కలిపి స్టేప్లరులో పెట్టాడు. నొక్కాడు. పిన్ను రాలేదు.

"వద్దు" అన్నాను. "పిన్నీసు పెట్టండి. నేనిస్తాను."

నా చీర కొంగుకున్న పిన్నీసు తీసి కిటికీలోంచి తోశాను. గోడ గడియారం మూడూ యాభై తొమ్మిది చూపించింది.

తిరిగి వచ్చేటప్పుడు వ్యాన్‌లో నీళ్ళమ్మాయి గుమాస్తా ముద్ర వేసి ఇచ్చిన నకలు చదువుతూ కూర్చుంది. నేను రెండుసార్లు మొదలుపెట్టి ఆపేశాను. క్షమించమనడానికి కూడా ఆ రోజు నా గొంతు దొంగ గొంతులా వినిపించింది.

ఆఫీసు మెట్లెక్కేసరికి నాలుగున్నర దాటింది. హాల్లో చప్పట్లు. ఇరవైలో మిగిలిన పంతొమ్మిది మంది లేచి నిలబడ్డారు. ట్రస్టు అధ్యక్షురాలు ఎదురొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. పెద్దావిడ, మర్యాదస్తురాలు.

"ఎంత బాగా చేశారమ్మా. మీరు మెట్ల మీద పరిగెత్తిన తీరు, ఆ డ్రైవింగ్ స్కూల్ కారు. కిటికీలోంచి చూశాం. నేర్చుకునేవాణ్ణి స్టీరింగు ముందు కూర్చోబెట్టడం ఎవరి ఆలోచన?"

"అది ఆట కాదండీ" అన్నాను. "ఈ అమ్మాయి సీటు నిజంగానే పోబోయింది. ఉత్తరం సోమవారం వచ్చింది. మేం చూసుకోలేదు."

డైరెక్టరు నేల చూపులు చూశాడు.

పెద్దావిడ నన్నే చూస్తూ నవ్వింది. మధ్యాహ్నం నేను ఇరవై ముఖాల మీద చూసిన నవ్వు. "చివరిదాకా వదలరు మీరు" అంది.

"నిజం చెప్తున్నానండీ."

"చెప్పండమ్మా, చెప్పండి."

నీళ్ళమ్మాయి ముందుకు వచ్చింది. "నిజమేనండీ. నా గైడు వెళ్ళిపోయాడు. నేను మురుగునీటికి మారాను. ఆ కిటికీ ముందు క్యూ, స్టేప్లరులో ఇరుక్కున్న పిన్ను, అన్నీ చూసి వచ్చాను. ఇవిగో కాగితాలు, ముద్ర ఉంది."

పెద్దావిడ కాగితాలు అందుకుని వెలుతురుకు పెట్టి చూసింది. డైరెక్టరు వైపు తిరిగి, "చూశారా, ఈ అమ్మాయి ఇంకా పాత్రలోంచి బయటకు రాలేదు. ఇలాంటివాళ్ళే కావాలి మనకు. అయిదేళ్ళకు నాకు అభ్యంతరం లేదు" అంది.

పంతొమ్మిది మంది మళ్ళీ చప్పట్లు కొట్టారు. లాయరు దూరం నుంచి "ఎన్ని మార్కులు వచ్చాయి?" అని సైగ చేశాడు.

నీళ్ళమ్మాయి కాగితాలు వెనక్కి తీసుకుని, మడిచి, నా పక్కన నిలబడింది. "మధ్యాహ్నం మీకు ఇలాగే ఉండిందా మేడమ్?"

"అప్పటికి టైమైనా ఉండింది" అన్నాను.

ఆమె నవ్వలేదు. "నిరుడు ఏడ్చిన అబ్బాయి మా హాస్టల్లోనే ఉన్నాడు. ఇప్పటికీ మీ ఆఫీసు నుంచి ఫోన్ వస్తే రెండోసారి చేస్తేగానీ ఎత్తడు. మీకు తెలుసా?"

తెలీదు. ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు.

ట్రస్టు వాళ్ళు మెట్లు దిగాక నా గదిలోకి వెళ్ళి ఎర్ర ఫైలు తీశాను. నిరుటి అంశం తొమ్మిది కాగితం ఫైలు చివర ఇంకా ఉంది, దాన్ని రింగుల్లోంచి లాగాను. నియమం అయిదు కూడా. చించి నాలుగు ముక్కలు చేసి, నీళ్ళమ్మాయి ముందే చెత్తబుట్టలో వేశాను. ఆమె చూసింది, తల ఊపింది, నీలం డబ్బాలోంచి తన ఫోన్ తీసుకుని వాళ్ళ అక్కకు కలుపుకుంటూ వరండాలోకి వెళ్ళిపోయింది.

డైరెక్టరు తల మాత్రం లోపలికి పెట్టాడు.

"వచ్చే ఏడాదికి ఆ కిటికీ, క్యూ, పిన్ను ఇరుక్కోవడం, అంతా కలిపి ఒక అంశం రాయండి. పెద్దావిడకు బాగా నచ్చింది." బుట్టలోకి చూశాడు. "అయ్యో, చించేశారా? ఫరవాలేదులెండి. నా కంప్యూటర్‌లో ఉంది."